బ్లాంక్ చెక్ అంటే ఖాళీ చెక్కు కాదు



ఈ మధ్య మన పిల్లలు స్కాలర్‌షిప్ దరఖాస్తులతో పంపిన ఇంగ్లీషు వ్యాసాలు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఎన్నికల వాగ్దానాల గురించి రాస్తూ ఒక అమ్మాయి “ఎలక్షన్ ప్రామిసెస్ ఆర్ బ్లాంక్ చెక్స్” అని రాసింది. ఆ వాగ్దానాలన్నీ ఉత్తమాటలు, వాటివల్ల ఒరిగేదేమీ లేదు అని ఆమె ఉద్దేశం. బ్లాంక్ అంటే ఖాళీ కనుక, బ్లాంక్ చెక్ అంటే డబ్బు రాని చెక్కు అనుకుంది. తెలివైన పిల్ల. మిగతా వ్యాసమంతా చక్కగా ఉంది. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం అర్థం తలకిందులైంది. అదే వారంలో మరో ఇద్దరు డిగ్రీ విద్యార్థులను అడిగి చూశాను. వాళ్ళూ అదే చెప్పారు.

నేను ఇంగ్లీషు పండితుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రస్తుతం బరంపురంలో ఉంటున్నాను. వ్యాకరణం మాట ఎలా ఉన్నా, చెక్కు గురించైతే నాలుగు మాటలు చెప్పగలను. పైగా ఈ మాటకు అర్థం నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

ముందు చెక్కు సంగతి. ఇప్పటి పిల్లలు ఫోనులోనే డబ్బు పంపేస్తున్నారు. చెక్కు లీఫు చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు తక్కువ. ఇంట్లో నాన్నగారి చెక్కు పుస్తకం ఉంటే ఒకసారి తీసి చూడండి. ఫలానావారికి ఇంత సొమ్ము నా ఖాతాలోంచి ఇవ్వండి అని మనం బ్యాంకుకి రాసే ఉత్తర్వే చెక్కు. దానిమీద తేదీ, పుచ్చుకునేవారి పేరు, మొత్తం అక్షరాలలో, మొత్తం అంకెలలో రాసి కింద సంతకం చెయ్యాలి. సంతకం ఒక్కటి చేసి, మొత్తం నింపకుండా ఎదుటివారి చేతికి ఇచ్చేస్తే అది బ్లాంక్ చెక్. అంటే ఖాళీగా ఉన్నది ఖాతా కాదు, మొత్తం రాయవలసిన గడి. ఆ గడిలో ఎంత రాసుకోవాలన్నది పుచ్చుకున్నవారి ఇష్టం. కట్టవలసింది మాత్రం సంతకం పెట్టినవారు.

ఈ రెండు ముక్కలూ కలిపి గుర్తుపెట్టుకుంటే జాతీయం అర్థం దానంతట అదే వస్తుంది. ఒకరికి బ్లాంక్ చెక్ ఇవ్వడమంటే, ఎంతైనా ఖర్చు పెట్టుకో, నీకు తోచినట్టు చేసుకో, నేను అడగను అని హద్దు లేని అధికారం ఇవ్వడం. “ది మేనేజ్‌మెంట్ గేవ్ ది కోచ్ ఎ బ్లాంక్ చెక్ టు రీబిల్డ్ ది టీమ్” అంటే, జట్టును మళ్ళీ కట్టుకోవడానికి ఏం చేసినా, ఎంత ఖర్చు పెట్టినా యాజమాన్యం కోచ్‌కే వదిలేసిందని. ఇక్కడ నిజమైన చెక్కు ఎవరూ రాయలేదు. “మై ఫాదర్ ఈజ్ పేయింగ్ ఫర్ ది వెడ్డింగ్, బట్ హి హాజ్ నాట్ గివెన్ అస్ ఎ బ్లాంక్ చెక్” అంటే, పెళ్ళి ఖర్చు నాన్నే పెడుతున్నారు కాని ఇంతలోపల అని హద్దు ఉందని. “అవర్ సపోర్ట్ ఈజ్ నాట్ ఎ బ్లాంక్ చెక్” అని ఒక పార్టీ మరో పార్టీతో అంటే, మద్దతు ఇస్తున్నాం కాని మీరు ఏం చేసినా తలూపుతామని కాదు అని.

గమనించారా, మూడింటిలో రెండు ‘లేదు’, ‘కాదు’ అనే వాక్యాలే. నేను కావాలని అలా ఏరలేదు. ఇంగ్లీషు పత్రికలు చదివేటప్పుడు చూడండి, ఈ మాట ‘ఇచ్చాం’ అనేచోటకంటె ‘ఇవ్వలేదు’, ‘ఇవ్వకూడదు’, ‘ఇలా ఇచ్చేశారేమిటి’ అనేచోటే ఎక్కువగా కనబడుతుంది. పొగడ్తకు వాడడం అరుదు. ఎవరైనా మంచివాడని చెప్పడానికి “హి గేవ్ మి ఎ బ్లాంక్ చెక్” అంటే తప్పు కాదు కాని, వినేవాడికి ఆ ఇచ్చినవాడు కొంచెం తొందరపడ్డాడేమో అన్న అనుమానం కలుగుతుంది. డిక్షనరీలో అర్థం చూసుకుంటే ఈ సంగతి తెలియదు. వాడుక చూస్తేనే తెలుస్తుంది.

వ్యాకరణం విషయంలో కొద్ది జాగ్రత్త చాలు. ముందు ‘ఎ’ అనే ఆర్టికల్ తప్పనిసరి. గివ్, రైట్, సైన్, హ్యాండ్ అనే క్రియలు దీనితో కలుస్తాయి. దేనికోసమో చెప్పాలంటే ‘ఫర్’ వేసి నామవాచకం, ఏం చెయ్యడానికో చెప్పాలంటే ‘టు’ వేసి క్రియ. స్పెల్లింగు మన దేశంలో, బ్రిటన్‌లో చివర క్యూ, యు, ఇ. అమెరికావారు సి, కె తో ముగిస్తారు. రెండూ ఒప్పే, కాని ఒకే వ్యాసంలో రెండూ కలపకండి.

తెలుగులో దీనికి సరిజోడు మాట కోసం ఎక్కువ వెతకనక్కరలేదు. “తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు” అని మన పెద్దలు అంటూనే ఉంటారు. మా వైపు “సాదా కాగితం మీద దస్కతు” అంటాం, ఇక్కడి ఒడియా వాళ్ళదీ దాదాపు అదే మాట. ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకుని, తరువాత మొత్తం రాసుకునే అలవాటు మన పల్లెలకు కొత్తది కాదు కదా. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘కార్ట్ బ్లాంష్’ అనే మాటకూ మూలార్థం తెల్లకాగితమే. పోటీ పరీక్షలు రాసేవారు దాన్ని కూడా నేర్చుకోవాలి. ‘ఫ్రీ హ్యాండ్’ అని మరొకటి ఉంది. మూడూ దగ్గర మాటలే, కాని తూకం వేరు. ఫ్రీ హ్యాండ్ అంటే పనిలో స్వేచ్ఛ, అంతవరకే. కార్ట్ బ్లాంష్ అంటే పూర్తి అధికారం. బ్లాంక్ చెక్ అన్నప్పుడు మాత్రం ఆ అధికారానికి ఖరీదు వేరొకరు కడతారన్న ధ్వని ఉంటుంది. ఉపాధ్యాయుడు పిల్లలకు బొమ్మ వెయ్యడంలో ఫ్రీ హ్యాండ్ ఇస్తాడు. అక్కడ బ్లాంక్ చెక్ అంటే అతకదు.

చరిత్ర చదివే పిల్లలకు ఈ మాట పాఠంలోనే ఎదురవుతుంది. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్యకు గురయ్యాడు. సెర్బియా మీద చర్య తీసుకుందామంటే రష్యా అడ్డువస్తుందేమోనని ఆస్ట్రియాకు జంకు. జులై 5న జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ ఆస్ట్రియా రాయబారిని పిలిచి, మీరు ఏ నిర్ణయం తీసుకున్నా మా అండ ఉంటుందని మాట ఇచ్చాడు. మర్నాడు ఛాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ దాన్ని ఖాయం చేశాడు. చరిత్రకారులు దీన్నే జర్మనీ ఇచ్చిన బ్లాంక్ చెక్ అంటారు. జులై 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. మరో వారం తిరిగేసరికి జర్మనీ, రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్ అన్నీ అందులో దిగాయి. గడిలో అంకె వేసింది వియన్నా. 1919లో వెర్సైల్స్ సంధి నాడు నష్టపరిహారం బిల్లు బెర్లిన్‌కు వచ్చింది. నా బ్యాంకు బుర్రకు ఆ పాఠం అలాగే అర్థమైంది.

తరువాత 1964 ఆగస్టు 7న అమెరికా కాంగ్రెసు టోంకిన్ గల్ఫ్ తీర్మానం చేసి, వియత్నాం విషయంలో తోచిన చర్య తీసుకునే అధికారం అధ్యక్షుడు జాన్సన్ చేతికి ఇచ్చింది. దిగువ సభలో ఒక్కరూ వ్యతిరేకించలేదు. సెనేట్‌లో ఇద్దరే కాదన్నారు. యుద్ధం పెరిగి వేల మంది యువకులు చనిపోయాక, అది బ్లాంక్ చెక్ అయిపోయిందని అందరూ అన్నారు. 1971లో ఆ తీర్మానాన్ని రద్దు చేశారు. 2004లో అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్, యుద్ధ పరిస్థితి ఉన్నంత మాత్రాన పౌరుల హక్కుల విషయంలో అధ్యక్షుడికి బ్లాంక్ చెక్ ఇచ్చినట్టు కాదని ఒక తీర్పులో రాశారు. ఇదీ ‘కాదు’ వాక్యమే చూడండి.

మరి ఆ అమ్మాయి చెప్పదలచుకున్న మాటకు ఇంగ్లీషులో ఏమనాలి? ‘ఎంప్టీ ప్రామిస్’ అంటే చాలు. చెక్కు మాటే కావాలంటే ‘బ్యాడ్ చెక్’ లేదా ‘బౌన్స్‌డ్ చెక్’. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసిద్ధ ఉపన్యాసంలో ఈ పోలిక ఉంది. పౌరులందరికీ సమాన హక్కులిస్తామని అమెరికా రాసిన ప్రామిసరీ నోటు నల్లవారి దగ్గరకు వచ్చేసరికి, నిధులు చాలవని తిరిగివచ్చిన చెక్కులా అయిందన్నారాయన. ఒక మతాచార్యుడు బ్యాంకు భాష అంత చక్కగా వాడడం చూసి నాకు భలే ముచ్చటేసింది. 1942లో క్రిప్స్ ప్రతిపాదనలను గాంధీగారు ‘పోస్ట్ డేటెడ్ చెక్’ అన్నారని కూడా మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. అది ఇప్పుడు చెల్లని, ఎప్పుడో చెల్లుతుందనే మాట. మూడు చెక్కులకీ తేడా ఉంది. అమ్మాయి వ్యాసంలో ‘బ్లాంక్’ కొట్టేసి ‘బ్యాడ్’ అని రాశాను. మార్కులు తగ్గించలేదు.

ఇక నా సంగతి. 1996లో నాకు పదమూడేళ్ళ సర్వీసు. ఒక చిన్న ఊరి బ్రాంచిలో పని. మా తోడల్లుడు కొత్తగా వ్యాపారం పెట్టుకుని ఒక వడ్డీవ్యాపారి దగ్గర తొమ్మిది వేలు అప్పు తీసుకోబోతూ నా దగ్గరకు వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి చెక్కు హామీగా ఉంటే ఇస్తానన్నాడట ఆయన. “పేరుకేనన్నయ్యా, బీరువాలో పెట్టుకుంటాడు, అప్పు తీరగానే తిరిగిచ్చేస్తాడు” అన్నాడు మావాడు. ఎంత రాయమంటావంటే, “వడ్డీ లెక్క అప్పుడు చూసుకుందాం, అది వదిలెయ్యమన్నాడు” అన్నాడు. రోజూ కౌంటర్‌లో కూర్చుని, మొత్తం రాయకుండా సంతకం పెట్టకండి బాబూ అని పదిమందికి చెప్పేవాణ్ణి నేను. అయినా పెట్టాను. చుట్టరికం దగ్గర కాదనలేకపోయాను. కౌంటర్‌ఫాయిల్ మీద పేరు రాసుకుని, మొత్తం దగ్గర గీత పెట్టాను.

ఏడాది దాటింది. ఆ చెక్కు మాటే మరిచిపోయాను. ఒక సోమవారం క్లియరింగ్‌లో వచ్చిన చెక్కుల కట్ట విప్పి వేరుచేస్తుంటే, అందులో నా సంతకం నాకే కనబడింది. తేదీ రెండు రోజుల కిందటిది. మొత్తం ముప్పై వేలు. రాత ఎవరిదో, ఇంకు వేరు. నా ఖాతాలో ఉన్నది ఆరు వేల చిల్లర.

ఆఫీసరు గారి బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, “ఇది మీదేనా?” అని ఒక్కమాట అడిగారు. అవునన్నాను. “సాయంత్రంలోపల చూసుకోండి” అన్నారు. ఇంకేమీ అనలేదు. తిప్పి పంపితే నోటీసు, ఆపైన కోర్టు. చాలినంత సొమ్ము లేక బ్యాంకు గుమాస్తా చెక్కే తిరిగిపోయిందంటే పైవారికి సంజాయిషీ. చెల్లింపు ఆపమని రాసి ఇద్దామంటే, అసలు అప్పు తొమ్మిది వేలేనని చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. సైకిలెక్కి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ విని, చేతి గాజులు తీసి బల్ల మీద పెట్టి, “ఎంతని రాయలేదా మీరు?” అని మాత్రం అడిగింది. గాజుల మీద కొంత, ఒక సహోద్యోగి దగ్గర చేబదులు కొంత తెచ్చి సాయంత్రానికి జమ చేశాను. గాజులు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది. ఆ వ్యాపారి అసలు, వడ్డీ, వడ్డీ మీద వడ్డీ అని ఏదో లెక్క చెప్పాడు. ఆ లెక్కలో తప్పు చూపించడం నాకు కష్టం కాదు. కాని లెక్క రాయవలసిన చోట ఖాళీ వదిలింది నేనే. మా తోడల్లుడు తరువాత కొంత ఇచ్చాడు, కొంత ఇవ్వలేదు. రాకపోకలు మాత్రం మానుకోలేదు.

ఇది తల్లిదండ్రుల కోసం ఎందుకు చెబుతున్నానంటే, పిల్లల చదువుల దగ్గరే ఇప్పుడు ఇలాంటి సంతకాలు ఎక్కువ పెట్టవలసి వస్తోంది. ఫీజు వాయిదాలనీ, అప్పుకు హామీ అనీ చెక్కులు అడిగేవారు ఉన్నారు. చట్టం ఏమంటుందో తెలుసుకుని ఉండడం మంచిది. సంతకం చేసి నింపకుండా ఇచ్చిన పత్రాన్ని పుచ్చుకున్నవారు నింపుకోవచ్చునన్న సూత్రం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనే, 20వ సెక్షన్‌లో ఉంది. చెక్కు తిరిగివస్తే శిక్ష వేసే 138వ సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. చెక్కు తిరిగిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో పుచ్చుకున్నవారు నోటీసు ఇవ్వాలి, అది అందిన 15 రోజుల్లో మనం కట్టాలి. కట్టకపోతే కేసు. రెండేళ్ళ వరకు జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఏదైనా చెల్లింపు కింద ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కు అయితే, మిగతా వివరాలు వేరొకరు నింపినా అది బాకీ కింద ఇచ్చినదనే భావిస్తారు. కాదని రుజువు చెయ్యవలసింది సంతకం పెట్టినవారే.

చెక్కుకు మూడు నెలలే గడువు కదా, ఆ తరువాత చెల్లదు కదా అని ఒకాయన నన్ను అడిగారు. 2012 ఏప్రిల్ 1 నుంచి గడువు మూడు నెలలే, నిజమే. అయితే ఆ మూడు నెలలు చెక్కు మీద వేసిన తేదీ నుంచి లెక్క. తేదీ కూడా వెయ్యకుండా ఇస్తే గడువు ఎక్కడ మొదలవుతుంది? నా చెక్కు ఏడాది తరువాత వచ్చింది అలాగే.

హామీ చెక్కు ఇవ్వక తప్పకపోతే పుచ్చుకునేవారి పేరు, మొత్తం మీ చేత్తోనే రాయండి, మొత్తం పక్కన గీత కొట్టండి, అకౌంట్ పేయీ అని క్రాస్ చెయ్యండి. ఫలానా నంబరు చెక్కు ఫలానా పని కోసం ఇచ్చాం అని ఒక ఉత్తరం రాసి, నకలు మీద వారి సంతకం తీసుకోండి. మొహమాటపడకండి. నా దగ్గర లేనిది ఆ కాగితమే. ఖాతాలోంచి నెలనెలా కోసుకునే మ్యాండేట్ ఫారాలకీ ఇదే వర్తిస్తుంది. అందులో గరిష్ఠ మొత్తం అన్న గడి ఉంటుంది, సంతకానికి ముందే దాన్ని నింపండి.

చాలామంది తడబడే మరో చోటు ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలతో ‘క్యాన్సిల్డ్ చెక్’ జతపరచమంటారు. అది బ్లాంక్ చెక్ కాదు. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్సీ కోడు చూసుకోవడానికి అడుగుతారు, అంతే. చెక్కు మీద ఈ మూల నుంచి ఆ మూలకు రెండు గీతలు గీసి మధ్యలో క్యాన్సిల్డ్ అని పెద్ద అక్షరాలతో రాయండి. సంతకం చెయ్యనక్కరలేదు. సంతకం చేసి గీతలు గీయకుండా పంపిన చెక్కులు రెండు నా చేతికే వచ్చాయి. ఇద్దరికీ ఫోను చేసి, వారి ఎదుటే చింపేశాను.

పిల్లలకు చివరగా నాలుగు వాక్యాలు ఇస్తున్నాను, కింద చూడకుండా ప్రయత్నించండి. ఒకటి, “ది చెయిర్మన్ గేవ్ ది ఆర్కిటెక్ట్ ఎ బ్లాంక్ చెక్ ఫర్ ది న్యూ బిల్డింగ్”. రెండు, “హిజ్ అపాలజీ వాజ్ ఎ బ్లాంక్ చెక్”. మూడు, “వి ట్రస్ట్ ది కమిటీ, బట్ దట్ ఈజ్ నాట్ ఎ బ్లాంక్ చెక్”. నాలుగు, “ప్లీజ్ అటాచ్ ఎ సైన్డ్ బ్లాంక్ చెక్ టు ది ఫారం”.

మొదటిదీ మూడోదీ ఒప్పు. రెండోది తప్పు, మనసులో లేని క్షమాపణకు ‘హాలో’ అనో ‘ఎంప్టీ’ అనో విశేషణం వెయ్యాలి. నాలుగో దాంట్లో ఇంగ్లీషుకు వంక పెట్టడానికి ఏమీ లేదు. అలాంటి ఫారం మీ ఇంటికి వస్తే మాత్రం నింపే ముందు, క్యాన్సిల్డ్ చెక్ గాని పాస్‌బుక్ మొదటి పేజీ నకలు గాని సరిపోదా అని వారిని అడగండి.